దిండుకి బీప్ రాదు

"హార్ట్ ఎటాక్," అన్నాడు చీఫ్, ఫైల్ మూసేస్తూ. "ఒంటి మీద గీత కూడా లేదు."

ఏజెంట్ ముంగిసకి ఒళ్ళు మండింది. పోయినవాడు అతని పార్ట్‌నర్. గుండ్రాయిలాంటి మనిషి.

"శత్రువుల వైర్‌లెస్‌లో మనం పట్టుకున్న ఆర్డర్ సంగతేంటి సార్? 'బర్క్ హిమ్' అని. బాబాయ్ అర్థం కూడా చెప్పాడు కదా."

ముంగిస బాబాయ్ కోడ్ రూమ్‌లో పాత డిక్షనరీల మధ్య తల నెరిసినవాడు. దాదాపు రెండువందల ఏళ్ళ కిందట బర్క్ అనే హంతకుడు, తోడుదొంగతో కలిసి, మనుషుల్ని దెబ్బ కనబడకుండా ఊపిరాడనివ్వక చంపి, శవాలను అనాటమీ డాక్టరుకి అమ్మాడు. ఉరి తీశారు. పేరు మాత్రం ఇంగ్లీషులో, అలా చంపడమనే అర్థంతో, క్రియగా మిగిలిపోయింది.

ఈ ఉదయం అదే ఆర్డర్ బాబాయ్ మీద వచ్చింది. ఆయన కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు.

"గుమ్మంలో గార్డులున్నారు. మెటల్ డిటెక్టర్ ఉంది. సూది కూడా లోపలికి పోదు."

"దిండు లోపలే ఉంది సార్."

"నీది మరీ చాదస్తం," అన్నాడు చీఫ్.

మధ్యాహ్నానికల్లా ముంగిస బాబాయ్‌ని బాత్రూంలో కూర్చోబెట్టి, తల మీదుగా దుప్పటి లాక్కుని మంచమెక్కాడు. చొక్కా గుండీలో మైక్ ఆన్ చేశాడు.

"బూట్లు విప్పి పడుకోరా," అన్నాడు బాబాయ్.

తలుపు తెరుచుకుంది. గార్డులు సెల్యూట్ కొట్టారు. డిటెక్టర్ కిక్కురుమనలేదు. వచ్చింది డిపార్ట్‌మెంట్ అందగత్తె, ఏజెంట్ నెమలి. దిండు లాగి అతని ముఖానికి అదిమి, ఛాతీ మీద మోకాలు మోపింది.

"ఓర్చుకో ముసలాయనా. ముంగిస పార్ట్‌నర్ కూడా ఇలాగే గిలగిల్లాడాడు."

అది చాలు. ముంగిస లేవబోయాడు. చేతులు దుప్పట్లో ఇరుక్కుపోయాయి. కళ్ళు బైర్లు కమ్మాయి. ఇక ఊపిరి ఆగిపోతుందనగా చంకకర్ర ఠపీమని నెమలి నెత్తిన పడింది. వెనక బాబాయ్ ఒంటికాలి మీద ఊగుతున్నాడు.

చీఫ్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "మన మనిషే ద్రోహి అని పొక్కితే పరువు పోతుంది. హార్ట్ ఎటాక్ రిపోర్ట్ అలాగే ఉంచి, విషయం ఇక్కడే తొక్కేద్దాం."

"కుదరదు సార్," అన్నాడు ముంగిస. "నా పార్ట్‌నర్ భార్యకి రికార్డింగ్ పంపేశాను. మొగుడు ఎలా పోయాడో ఆవిడకి తెలియాలి."

చీఫ్ ముఖంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

"అన్నట్టు సార్," అన్నాడు బాబాయ్, కర్రకి ఆనుకుంటూ. "బర్క్ పోయాక ఆ మాటని నిజాల గొంతు నొక్కడానికీ వాడారు. పెద్దల సభల్లో ఆ వాడుకే ఎక్కువట."