సముద్రపు గడ్డి

"ఎముకలతో చేసిన జెల్లీ మా అమ్మకు తినిపిస్తవా?"

సూర్యాపేట బస్టాండు పక్కన జ్యూస్ సెంటర్లో, కప్పు బల్ల మీద పెట్టి నిలదీసింది శ్రీవాణి. గొంతు క్యాన్సర్ తగ్గితే చాలని ఆమె తల్లి సత్తమ్మ మాంసం ముట్టనని మొక్కుకుంది. ఇప్పుడు మంచినీళ్లకే పొలమారుతోంది.

ఆ సెంటర్ నడిపే లంబాడా యువకుడు మోతీలాల్ తెల్లని పీచుకట్ట తీసి చూపించాడు. "చైనా గ్రాస్ మేడం. సముద్రపు నాచుతోని చేస్తరు. ఎముక లేదు, నెత్తురు లేదు."

"బలముంటదా?"

"అబద్ధమెందుకు? ఉండది. బలం మనం కలపాలె. ఇది పట్టుకొని ఉంటది, గంతే."

డాక్టరు సరేనన్నాక రోజూ వాళ్ల ఊరు చివ్వెంలకు అతని బైకు వచ్చేది. మరిగించిన చైనా గ్రాస్‌లో ఒకరోజు జొన్న అంబలి, ఒకరోజు పెసరకట్టు కలిపి మెత్తని జెల్లీలా పేరబెట్టి తెచ్చేవాడు.

"తండా పిలగాడా, ఎవరి కోసమొస్తున్నవ్?" అంది సత్తమ్మ ఒకనాడు.

"నీ కోసమే పెద్దమ్మా."

"పెద్దమ్మంటే మా శ్రీవాణి నీకు చెల్లెలైతది. సోంచాయించి, వరస చూసి పిలువు."

మర్నాడు అతను "అత్తా" అన్నాడు. శ్రీవాణి చెంచా కడిగే నెపంతో లోపలికి పోయింది.

పంతొమ్మిది రోజులు ఆ జెల్లీ గొంతు దిగింది. ఇరవయ్యో రోజు చెంచాడు కూడా గొంతు దాటలేదు. ఆ సాయంత్రమే సత్తమ్మ పోయింది.

మూడోనాడు చెలకలో పిట్టకు పెట్టారు; కాకి ముడితేనే పోయినోళ్ల మనసు కుదుటపడ్డట్టు. మేనమామ పర్వతాలు విస్తట్లో మాంసం, కల్లు పెట్టాడు. తుమ్మ మీది కాకి కిందికి చూసింది గాని దిగలేదు. ముసురు పట్టింది.

"అక్క మనసు దేని మీదుందో," అన్నాడు పర్వతాలు.

మోతీలాల్ అంబలి జెల్లీ డబ్బా పట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డాడు. తండా పోరడు ఇటు రావద్దని పర్వతాలు పొద్దున్నే చెప్పాడు. శ్రీవాణి బురదలో నడిచి అతని దగ్గరికి వెళ్లింది.

"నాకిప్పుడు బలం లేదు మోతీ."

"పట్టుకొని ఉండనీకి నేనున్న గద."

ఆమె డబ్బా తెచ్చి, మాంసం పక్కకు జరిపి, అంబలి జెల్లీ ముక్క పెట్టింది.

"అత్తా అని పిలిపించుకున్నవ్ గదమ్మా," అంది అందరూ వినేలా. "ఆ పిలుపు ఉత్తగ పోనియ్య. ఇతన్నే చేసుకుంట."

చాలాసేపటికి కాకి దిగి, వణికే ముక్కను ముక్కున కరుచుకుంది.

పర్వతాలు కండువాతో మొహం తుడుచుకున్నాడు. రోడ్డు వైపు చూశాడు.

"ఇంటికాడ ఇంకో విస్తరి వెయ్యమను. పిలగాడు పొద్దటి సంది వానలనే ఉన్నడు."