ఉడికిన సెన్సర్

"ఉడకనిది ఏదీ నా ట్యాంకులోకి దిగదు," అంది ట్యాంకు మేడమ్, చేతులు కట్టుకుని.

ఆ మందుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. స్టీలు ట్యాంకులో సూక్ష్మజీవుల్ని పెంచి మందు తీయించడం ఆమె పని. గంటకోసారి కాస్త రసం తీసి, చక్కెర ఎంతుందో పరీక్షించి, తగ్గితే పోస్తుంది. ఆ పరీక్ష ఇకమీద తన సెన్సర్ చేస్తుందంటూ దిగాడు మన సెన్సర్ ఇంజనీరు.

"ఈ చిప్ మీద ఎంజైమ్ పూత ఉందండీ. చక్కెర తగిలితే దానికి తెలుస్తుంది. కింద ఉన్న ట్రాన్సిస్టర్ ఆ కబురు స్క్రీనుకు చేరవేస్తుంది."

"అంటే చాడీలు చెప్పే చిప్పన్నమాట!" అని నవ్వింది.

ఆ నవ్వుతో మనవాడి బుర్ర పని చేయడం మానేసింది. ముందు దీని మీది క్రిములు చావాలంటూ ఆమె ఆవిరి యంత్రం వైపు వేలు చూపించడమే ఆలస్యం, చిప్‌ని అందులో పెట్టి శుభ్రంగా ఉడికించేశాడు. వేడికి ఎంజైమ్ చస్తుందని రాసి డాక్టరేటు పుచ్చుకున్న మహానుభావుడు! తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది.

చచ్చిన సెన్సర్ స్క్రీను మీద చక్కెర ఐదు అని చూపించింది. మర్నాడూ ఐదే. వారమంతా ఐదే. స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీత.

డైరెక్టరు మురిసిపోయాడు. "ఇంత క్రమశిక్షణ గల సూక్ష్మజీవుల్ని నా సర్వీసులో చూడలేదయ్యా!" అని గీతకు ఫ్రేము కట్టించాడు. చేత్తో పరీక్షించే మనిషి ఇంకెందుకని, సోమవారం నుంచి మేడమ్‌ని వేరే ఊళ్ళోని గోడౌన్‌కి వెళ్ళి లేబుళ్లు అంటించుకోమన్నాడు.

మనవాడికి రెండో రోజే సంగతి అర్థమైంది. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే ఆమె వెళ్ళిపోతుంది.

శుక్రవారం మీటింగులో లేచాడు.

"సార్, సెన్సర్ ఎప్పుడో చచ్చిపోయింది. నేనే ఉడికించాను. మేడమ్ ఇంకా పరీక్షించి చక్కెర పోస్తున్నారు కాబట్టే ట్యాంకు బతికుంది. ఆవిణ్ని పంపకండి."

"మరి గీత అంత బాగుందేమయ్యా?"

"చచ్చాక గీత అలాగే ఉంటుంది సార్."

డైరెక్టరు నీరుగారిపోయి, బదిలీ కాగితం చింపి, తప్పులు రాసే ఫారం తీశాడు. "ఇంత చదువుకుని ఎందుకు ఉడికించావయ్యా? మూలకారణం గడి ఖాళీగా వదలకూడదు."

"ఆవిడ నవ్వారు సార్. ఇంకేం గుర్తులేదు. ఆవిడంటే నాకు ప్రాణం."

"ఇలాంటిది ఫారంలో ఎలా రాయమంటావ్?"

మేడమ్ చెవులదాకా ఎర్రబడింది. "రాయండి సార్. సెన్సర్ చచ్చిందని నాకు మొదటి రోజే తెలుసు. ఈయన నోరు విప్పుతాడా లేదా అని వారం నుంచి ఎదురుచూస్తున్నాను. నిన్న రాత్రయితే ఏడ్చాను కూడా. కొత్త చిప్ చేయాలన్నా ఈయనే ఉండాలి. నాకూ ఈయనే కావాలి."

డైరెక్టరు తల పట్టుకుని తర్వాతి గడి చదివాడు. "ఇది మళ్లీ జరక్కుండా ఏం చర్యలు తీసుకుంటారు?"

"ఆ గడి కొట్టేయండి సార్," అంది మేడమ్, మనవాడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "రోజూ జరగనివ్వండి."