ఎడమ కార్బొరేటర్

పాత బండి అమ్మేవాడు చెప్పే ప్రతి మాట వెనుకా ఒక అబద్ధం నక్కి ఉంటుందని నా నమ్మకం. మార్కెట్ అంటేనే మోసానికి మర్యాదగా పెట్టుకున్న పేరు. ఈ మాటే అంటే అక్క నవ్వింది. "సరేలేరా, ఆ మోసగాణ్ణి నువ్వే కాపలా కాయి. రేపు పొద్దున్న ఆరుకల్లా నేను డ్యూటీలో ఉండాలి" అంది.

అక్క నర్సు. కిందటి బండి నడివంతెన మీద, లారీ ముందు టక్కున ఆగిపోయింది. మోకాలు పగిలి అక్క రెండు నెలలు మంచం మీద ఉంది. ఆ బండిని చూసి బాగుంది, తీసుకో అన్నది నేనే. అందుకే ఈసారి అక్క కొనబోయే పాత బండిలో ప్రతి బోల్టూ నా కళ్ళముందే విప్పాలని పట్టుబట్టి, ఆ మధ్యాహ్నం దాన్ని అమ్ముతున్న మెకానిక్ షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాను.

బయట వాన. రేకుల మీద చినుకుల మోత. లోపల పెట్రోలు, తడి సిమెంటు, పాత రబ్బరు కలిసిన వాసన. రెండు సిలిండర్ల బండి అది; కుడికొకటి, ఎడమకొకటి కార్బొరేటర్లు. రెండూ సమానంగా గాలి పీలిస్తేనే బండి నిలకడగా నడుస్తుందట. మెకానిక్ దానికి మీటర్లేమీ వాడడు. మూరెడు రబ్బరు ట్యూబు ఒక కొన చెవిలో పెట్టుకుని, రెండో కొన కార్బొరేటర్ మూతి దగ్గర పట్టి వింటాడు. రెండు వైపులా బుస ఒకేలా వినపడేదాకా స్క్రూలు తిప్పుతాడు. సమానత్వాన్ని చెవితో కొలిచే మనిషిని అప్పుడే చూశాను. కాస్త గౌరవం కలిగింది. వెంటనే అణచుకున్నాను.

యాక్సిడెంట్ అయిన బండా అని అడిగాను. ఒక్కసారి కూడా కింద పడలేదన్నాడు. మరి పాత ఓనరు ఎందుకు అమ్మాడన్నాను. ఆయన అమ్మలేదు, ఆయన ఇంట్లోవాళ్ళు అమ్మారన్నాడు. ఇంకా గుచ్చి అడిగితే స్పానరు వెతుక్కోసాగాడు.

కార్బొరేటర్లు విప్పి, గోరంత ఇత్తడి జెట్లు రెండు గుడ్డ మీద పెట్టాడు. నడుమ వెంట్రుక దూరేంత రంధ్రం. పెట్రోలు అందులోంచే పోతుంది. కుడిదాన్ని పెదాల మధ్య పెట్టుకుని ఉఫ్‌మని ఊది, వెలుతురుకి ఎత్తి చూశాడు. ఎడమదాన్ని ముట్టుకోలేదు. దానికి గాలి పంపు కావాలట. పంపేమో పక్క షాపువాడు పట్టుకెళ్ళాడట.

కుడిదానికి పనికొచ్చిన నోరు ఎడమదానికి ఎందుకు పనికిరాదో చెప్పమన్నాను.

"నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోకు బాబూ. విప్లవం ఏదైనా ఉంటే వచ్చాక చేద్దాం." గోనెసంచి నెత్తిన కప్పుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

పంపు ఒక సాకు. ఎడమ జెట్టు పాడైపోయింది, అది నాకు తెలియకూడదు, అంతే. రేపు మళ్ళీ అదే వంతెన, అదే లారీ... ప్రశ్నించడమే మొదటి తిరుగుబాటని ఎన్ని గోడల మీద రాశాను నేను. జెట్టు చేతిలోకి తీసుకున్నాను.

వానకి షెడ్డులో ఇనుమంతా జివ్వుమంటోంది. జెట్టు మాత్రం వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరి నోట్లోంచో తీసినంత వెచ్చగా.

పెదాల మధ్య పెట్టుకుని ఊదాను. గాలి పోలేదు. మళ్ళీ ఊదాను. అవతల ఎవరో బొటనవేలు అడ్డం పెట్టినట్టుంది. నా అనుమానమే నిజమైంది. సంతోషం కూడా వేసింది. ఆ ఊపులోనే, ఊదాల్సింది పోయి, బలమంతా పెట్టి పీల్చాను.

అడ్డం తొలగింది.

లోపలికి వచ్చింది పెట్రోలు వాసన కాదు. తలుపులు మూసిన గదిలో చాలాకాలం పడుకున్న మనిషి ఊపిరి. నాలుక మీంచి జారింది... గొంతు దాటింది... ఛాతీలో ఎడమవైపుకి పోయి సర్దుకుంది.

దగ్గాను. ఏమీ రాలేదు.

వాన ఆగింది. ఆ నిశ్శబ్దంలో, చాలా దగ్గరగా, ఎవరో హాయిగా నిట్టూర్చారు. చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

జెట్టు చల్లబడింది. ఎత్తి చూస్తే, రంధ్రంలో శుభ్రంగా ఒక వెలుతురు చుక్క.

మెకానిక్ పంపుతో వచ్చాడు. జెట్టు వంక చూశాడు. నా పెదాల మీది నల్లమరక వంక చూశాడు.

"ఊదావా, పీల్చావా?"

"ఊదాను" అన్నాను. ఆ షెడ్డులో ఆ రోజు వినపడిన అబద్ధం అదొక్కటే.

"పాత ఓనరు పోయింది ఇక్కడే" అన్నాడు, గొంతు తగ్గించి. "అది నోట్లో పెట్టుకుని. నువ్వు కూర్చున్న స్టూలు మీదే."

అన్నీ బిగించి, బండి స్టార్ట్ చేసి, ట్యూబుతో అటూ ఇటూ విన్నాడు. మళ్ళీ విన్నాడు. ఇన్నాళ్ళూ ఎడమది ఎంత తిప్పినా ఎక్కువ పీల్చేదనీ, రెండూ సమానంగా పలకడం ఇదే మొదటిసారనీ గొణుక్కున్నాడు. బండి ఆపాక కూడా ఎడమ మూతి దగ్గర ట్యూబు పెట్టి, ఏదో వినపడాల్సింది వినపడనట్టు నావైపు తిరిగాడు.

సాయంత్రం అక్క వచ్చింది. వీధి చివరిదాకా నడిపి వచ్చి, వెన్నలా పోతోందిరా అని దిగింది. మెకానిక్ చెవిలోంచి తీసి స్టూలు మీద పెట్టిన ట్యూబు చూసి, మీ స్టెతస్కోపు ఇదా అని నవ్వుతూ ఒక కొన చెవిలో పెట్టుకుంది, రెండోది నా ఛాతీకి ఆనించింది.

నవ్వు ఆగింది. ట్యూబును కుడి నుంచి ఎడమకి జరిపింది.

"ఒక్క నిమిషం ఊపిరి బిగపట్టరా."

బిగపట్టాను. మెకానిక్ చేతులు తుడుచుకోవడం మానేశాడు.

"బిగపట్టమన్నానా..." అంది అక్క, గుసగుసగా.

నోరు మూసుకుని, రెండు వేళ్ళతో ముక్కు నొక్కి పట్టుకుని చూపించాను. అక్క నా మొహం వంక చూసింది. ట్యూబు తియ్యలేదు. చేతి గడియారం వంక చూస్తూ, ఆసుపత్రిలో చేసినట్టే, పెదాల్లో ఊపిర్లు లెక్కపెడుతోంది... పదకొండు... పన్నెండు... పదమూడు...