పోయినవాడి గ్లాసు నీళ్లు

ల్యాబు అని పేరే గానీ, అది ఒకప్పుడు పాలక్యాన్లు దించుకునే గది. సహకార సంఘం వాళ్లు సున్నం కొట్టించి, రెండు బల్లలూ ఒక పెద్ద ప్రెషర్ కుక్కరూ ఇచ్చారు. పదిహేడేళ్లుగా నేనూ, రిగోబెర్తో అనే నా తోటి పనివాడూ అందులో అన్నం వండుతున్నాం. మనుషులకి కాదు, బూజుకి. నూకలు సగం ఉడికించి, సంచుల్లో నింపి, ఆవిరి పట్టి, చల్లారాక తెల్లబూజు విత్తనం వేస్తాం. పది రోజులకి సంచి లోపలంతా సుద్దపొడి అలికినట్టు అవుతుంది. ఆ పొడి నీళ్లలో కలిపి చిలగడదుంప చేలో కొడితే ముక్కుపురుగు చస్తుంది. పురుగుమందులు కొనే స్తోమత క్యూబాలో మా ఊరికి ఎప్పుడూ లేదు, మాకు ఈ బూజే దిక్కు. మనిషిని ఏమీ చెయ్యదు. రిగో చేతులు కడుక్కోకుండానే కాఫీ తాగేవాడు.

ఆ ఏడు బూజు నీరసపడింది. తరాల తరబడి అన్నం మీదే పెంచితే అది పురుగుని తినడం మరిచిపోతుంది.

"కూర్చోబెట్టి మేపితే ఎవడు పనిచేస్తాడు జెనైదా? అచ్చం మా బావమరిది" అని రిగో నన్ను నవ్వించబోయాడు.

నాకు నవ్వు రాలేదు. నా భర్త ఎవెలియో పోయి అప్పటికి రెండు నెలలు. చేలో స్ప్రేయర్ వీపున ఉండగానే కూలిపోయాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. పళ్ల డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, మనిషినంతా అలా ఉన్నాను. దైలేన్ ఒక్కతే మిగిలింది నాకు. ఇరవై రెండేళ్లది. తండ్రి స్ప్రేయర్ తనే భుజాన వేసుకుంది.

నీరసపడ్డ బూజుకి ఒకటే వైద్యం. బతికున్న పురుగు ఒంట్లోంచి దాటించాలి. విత్తనం కలిపిన నీళ్లలో పురుగుల్ని ముంచి గిన్నెలో వేసి, పైన గుడ్డ కట్టి వదిలెయ్యాలి. అవి చచ్చి, ఒంటి మీద తెల్లగా మొలిచాక, ఆ మొలిచిన దాన్నే కొత్త విత్తనంగా తీసుకోవాలి.

మా వైపు పోయినవాళ్లకి గ్లాసుతో నీళ్లు పెడతారు. సోమవారం సోమవారం మార్చాలి. పాత నీళ్లు గుమ్మం దాటించి వీధిలో పారబొయ్యాలి. తాగకూడదు, మొక్కకైనా పొయ్యకూడదు. ఇంట్లో ఆ గ్లాసు కనబడితే దైలేన్ అన్నం ముట్టేది కాదు. అందుకని ల్యాబులో, ఎవెలియో కాఫీకి వచ్చి కూర్చునే కుర్చీ పైనున్న అరలో పెట్టాను.

ఆ సోమవారం పొద్దుటి నుంచీ కరెంటు లేదు. కాచి చల్లార్చిన నీళ్లు అయిపోయాయి. పురుగులు సిద్ధంగా ఉన్నాయి. పారబోయడానికని గ్లాసు దించి గుమ్మం దాకా వచ్చాను. మళ్లీ వెనక్కి వచ్చి, ఆ నీళ్లే విత్తనంలో పోశాను. తెలియక కాదు. ఆ రోజుల్లో నాకు ఏ నీళ్లయినా ఒకటే అనిపించేది.

బయటికి వెళ్లిన రిగో తిరిగొచ్చి ఖాళీ గ్లాసు చూశాడు, గిన్నె చూశాడు. "ఏ నీళ్లు పోశావు?"

"నీళ్లే."

"నీకేమైనా మతి పోయిందా? పోయినవాడి నీళ్లు బతికున్నదానికి పోస్తావా? మా అమ్మ వింటే నిన్ను చీపురుతో కొడుతుంది."

"కొట్టనీ" అన్నాను. గిన్నెకి గుడ్డ కట్టేశాను.

ఎప్పుడూ వారం పట్టేది, మూడో రోజుకే పురుగులన్నీ చచ్చాయి. మామూలుగా గిన్నె అడుగున చెల్లాచెదురుగా పడుంటాయి. ఈసారి అడుగున ఒక్కటీ లేదు. అన్నీ అంచు దాకా పాకి, గుడ్డని కాళ్లతో కరుచుకుని, ఒకే మూల గుంపుగా ఉన్నాయి. తెల్లగా. గుడ్డ దులిపితే రాలలేదు. ఒక్కొక్కదాన్నీ చిమ్టాతో ఊడబెరకాల్సి వచ్చింది.

"పురుగుని ఎత్తెక్కించి గాలికి పొడి చల్లే బూజులు అడవిలో ఉంటాయంటారు. మన బూజుకి ఈ అలవాటు లేదు" అన్నాడు రిగో మెల్లగా. "పారేద్దాం."

"చేలో దుంప సగం పోయింది. ఇది పారేస్తే మిగతా సగమూ పోతుంది."

నలభై సంచులు చేశాం. ఎండ తగిలితే బూజు చచ్చిపోతుంది కాబట్టి పొద్దు వాలాక కొట్టాలి. రెండు సాయంత్రాలు దైలేనే కొట్టింది. రెండో రోజు ఇంటికొచ్చాక స్నానం చేసినా దాని జుట్టులో తడినూకల వాసన పోలేదు. అన్నం కలుపుతూ "అమ్మా, మన ఇంటికి మేడ ఉంటే బాగుండేది కదూ" అంది. మర్నాడు సందెవేళ మంచం ఎక్కి నిలబడి ఉంది. బూజుపట్టిన దూలం దులుపుతున్నానంది. చేతిలో చీపురు లేదు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. అదే నేను నన్ను క్షమించుకోలేని సంగతి.

మందు కొట్టడం మొదలైన అయిదో రోజు సాయంత్రం రిగో వాకిట్లోకి వచ్చాడు. ఒగరుస్తున్నాడు. కానీ గొంతు ఎత్తలేదు.

"చేలోకి రా. గట్టిగా పిలవకు. ఎవరం పిలిచినా ఉలిక్కిపడి చెయ్యి వదిలేస్తుందేమో."

చేను గట్టున ఇనప కాళ్ల మీద నీళ్ల ట్యాంకు ఉంది. మూడంతస్తుల ఎత్తు. పైన ట్యాంకు చుట్టూ నడిచేందుకు ఇరుకు పలకలు, నడుం ఎత్తున కమ్మీ. అక్కడ ఉంది నా కూతురు. కమ్మీకి అవతల... గాలిలోకి ఒరిగి.

అప్పుడు భయం వేసింది నాకు. ఎవెలియో పోయాక మొదటిసారి ఏదో ఒకటి అనిపించింది. నిచ్చెన ఎక్కాను. ఎక్కుతున్నకొద్దీ గాలి ఆగిపోయింది. చేలో కీచురాళ్లు లేవు. తడినూకల వాసన ఒక్కటే... చిక్కగా.

దైలేన్ రెండు చేతులతో కమ్మీని పట్టుకుని ఉంది. గడ్డం ఇనుము మీద ఆనించింది. నోరు తెరిచి ఉంది. పై పళ్లు కమ్మీని కరిచి ఉన్నాయి. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. రెప్ప వెయ్యడం లేదు.

"దైలేన్..."

పళ్లు ఇనుము మీంచి తియ్యకుండానే పలికింది. "వచ్చావా అమ్మా."

"కిందికి పోదాం రా తల్లీ."

"గాలి రావాలి."

"గాలి ఎందుకే?"

"వచ్చేదాకా పట్టుకోమన్నాడు నాన్న. వస్తే చాలట... ఊరంతా వెళ్లొచ్చట."

నేను ఏడవలేదు, అరవలేదు. ఎడమచేత్తో దాని నడుం చుట్టి పట్టుకుని, కుడిచేత్తో దాని వేళ్లు విప్పడం మొదలుపెట్టాను. మంచులో పెట్టినట్టున్నాయి. చిటికెన వేలు. ఉంగరం వేలు. ఒకటి విప్పి రెండోదానికి పోయేలోగా మొదటిది మళ్లీ బిగుసుకునేది. అయిదు... ఆరు... కింద చీకట్లో రిగో ప్రార్థన గొణుగుతున్నాడు. తొమ్మిది. పది.

పిల్ల బరువంతా నా మీద వాలింది. కమ్మీ ఇవతలికి లాక్కున్నాను. దిగుదామంటే కదల్లేకపోయాను. ఏదో పట్టి ఉంచింది.

తడిమాను. కమ్మీ మీద ఇంకో చెయ్యి ఉంది.

చల్లగా... కర్రలా.

"ఎవెలియో" అన్నాను చెవిలో చెప్పినట్టు. "పిల్లని వదిలెయ్. నేనున్నాను కదా."

ఆ చెయ్యి సడలలేదు. ఆ వేళ్లు కూడా ఒక్కొక్కటే విప్పాను. గోళ్లతో గీరి, మెలిపెట్టి. పదకొండు... పన్నెండు... పదిహేనోది విప్పాక, నేనూ దైలేనూ పలకల మీద పడ్డాం. అప్పుడే గాలి వచ్చింది.

దైలేన్ రెండు రోజులు నిద్రపోయి లేచింది. నల్లచిక్కుళ్ల అన్నం రెండు పళ్లాలు తింది. దానికి ఏదీ గుర్తు లేదు. మిగిలిన సంచులు రిగో గొయ్యి తవ్వి సున్నం పోసి పాతిపెట్టాడు. చేలో ముక్కుపురుగు ఒక్కటీ లేదు, దుంప బాగా దిగింది. "ఎంతైనా తండ్రి. నువ్వు అడిగావు, వదిలేశాడు" అంటాడు రిగో.

అతనికి ఒక సంగతి చెప్పలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి దీపం కింద కూర్చున్నప్పుడు చూసుకున్నాను. నా ఎడమ అరచెయ్యంతా తుప్పు. అయిదు వేళ్ల మీదా గోళ్ల గీతలు, నెత్తురు. ఆ గీతలు నా కుడిచేతి గోళ్లవే. పిల్ల నడుం పట్టుకున్నాననుకున్న చెయ్యి అసలు నడుం మీదే లేదు. గీరుతున్నప్పుడు నాకు నొప్పి తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. సూదితో పొడుచుకుని చూశాను.

పొద్దు వాలుతోంది. దైలేన్ వంటింట్లో పాడుకుంటోంది. బల్ల దగ్గర కూర్చుని ఇదంతా కుడిచేత్తో రాస్తున్నాను. ఎడమచెయ్యి బల్ల మీదా లేదు, ఒళ్లోనూ లేదు. ఎక్కడుందో నాకు తెలియడం లేదు.

చూడాలంటే తల పైకెత్తాలి.