చక్రాల కుర్చీలో పిస్టల్

ఒక మనిషి ఒకే పనితో నమ్మకద్రోహీ, నమ్మకస్థుడూ కాగలడా? ఈ అనుమానం నన్ను ఎన్నో ఏళ్లుగా వదల్లేదు. ఆదివారం చర్చిలో మోకరిల్లినప్పుడు కూడా ఓరిన్ హాస్కిల్ గుర్తొస్తాడు. పాస్టరుగారిని అడిగితే ప్రార్థన చెయ్యమన్నారు. చేస్తూనే ఉన్నాను.

1971 ఏప్రిల్. వాషింగ్టన్. కిటికీల్లేని గదిలో గూఢచారి శాఖ అధికారి క్రెయిటన్ ఒక ఫొటోను బల్లమీద ఓరిన్ ముందుకు తోశాడు.

"వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులు. నడిబొడ్డున గడ్డిమీద డేరాలు వేసుక్కూర్చున్నారు. యుద్ధం ఆపాలట. రేపు క్యాపిటల్ భవనం ముందు కంచె దగ్గరికెళ్లి మెడల్స్ విసిరేస్తారట."

"వాళ్ల మెడల్సే కదా సార్," అన్నాడు ఓరిన్.

"వెనక విదేశీ ముఠా ఉంది. ఆయుధాలొస్తున్నాయి. ఈమె ద్వారా."

ఫొటోలో ఆకుపచ్చ స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు, భుజంమీద మూవీ కెమెరా. వివియన్ లార్క్.

"అందం చూసి మోసపోకు. సాక్ష్యం దొరకగానే రిపోర్టుమీద సంతకం పెట్టు. చాలు."

బెల్టు బకిల్‌లో మైక్ అమర్చారు. డేరాల్లో సొంత ఏజెంటు ఎదురైతే గుర్తుపట్టడానికి ఒక కోడ్ ఇచ్చారు. 'వాన పడేలా ఉంది' అనాలి. 'గొడుగు ఆఫీసులో వదిలేశాను' అని జవాబు రావాలి.

"మారువేషం?"

"ఇంటికెళ్లి నీ పాత యూనిఫారం వేసుకో."

వియత్నాంలో టాంకు నడిపి వచ్చిన మనిషికి టాంకు సైనికుడి వేషం. ఓరిన్‌కు నవ్వు రాలేదు.

సాయంత్రానికి డేరాల మధ్య ఉన్నాడు. మొదట పలకరించినవాడు రూఫస్ టిలరీ. చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. రెండు కాళ్లూ మోకాళ్లదాకా లేవు.

"ఎందులో పనిచేశావురా?"

"టాంకుల్లో అన్నా."

"అయితే మా ఇంటివాడివే. కూర్చో. లేచి సీటివ్వలేను, ఏమనుకోకు."

పక్కన గడ్డం పెంచిన గార్ట్ అనే మనిషి ఉన్నాడు. అతనూ టాంకుల్లోనే పనిచేశానన్నాడు. "మెడల్స్ విసిరితే ఎవడికి దెబ్బ తగుల్తుంది? మీరు ఊఁ అనండి, తుపాకులు నేను తెస్తా."

"తుపాకుల సంగతి నా కాళ్లనడుగు నాయనా," అన్నాడు రూఫస్.

తెల్లారాక ఫలహారం దగ్గర గార్ట్ ఒక డబ్బా తెరిచి చెంచాతో తినసాగాడు. చుట్టూ ఉన్న నలుగురు చప్పున దూరం జరిగారు.

"అవి ఆ పళ్లేనా?" అడిగాడు రూఫస్ మెల్లగా.

"ఆప్రికాట్లు. కావాలా?"

"పేరు కూడా ఎత్తావేంట్రా. టాంకులో ఆ డబ్బా తెరిస్తే బాంబు మనమీదే పడేది. మావాడొకడు తెచ్చాడని డబ్బాతోపాటు వాణ్ణీ దింపేశాం."

గార్ట్ నవ్వాడు. "ఆకలికి శకునాలేంటి అన్నా."

రూఫస్ కూడా నవ్వి ఊరుకున్నాడు. ఓరిన్ ఊరుకోలేకపోయాడు. టాంకు దిగి ఎన్నాళ్లయినా, తన భార్య ఆ పళ్లు ఇంటికి తెస్తే తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసిన మనిషి అతను. గార్ట్ ఏనాడూ టాంకు ఎక్కి ఉండడు. ఓరిన్ అతన్ని పక్కకు పిలిచాడు.

"వాన పడేలా ఉంది."

గార్ట్ కళ్లు మెరిశాయి. "గొడుగు ఆఫీసులో వదిలేశాను."

అతను వెళ్లాక వెనక నుంచి ఆడగొంతు. "నేనూ అక్కడే వదిలేశాను."

ఆకుపచ్చ స్కార్ఫ్. ఓరిన్ అరచెయ్యి బకిల్‌మీద అడ్డం పెట్టాడు.

"నువ్వు విదేశీ ముఠా కదమ్మా?"

"మీ ఆఫీసే. రెండో అంతస్తు, మీ పక్క గది." వివియన్ గొంతు తగ్గించింది. "రూఫస్ కుర్చీ దిండు కింద పిస్టల్ ఉంది. గార్ట్ పెట్టాడు. కంచె దగ్గర అతను టోపీ తీయగానే పోలీసులు సోదా చేస్తారు. నేను ఫిల్మ్ తీయాలి. విదేశీ కుట్ర అని సంతకం పెట్టడానికి ఒక నిజమైన సైనికుడు కావాలి. అది నువ్వు."

"మరి నాకెందుకు చెప్తున్నావు?"

"మా తమ్ముడు ఇంకా వియత్నాంలోనే ఉన్నాడు. వీళ్లని లోపలేస్తే వాణ్ణి ఇంటికి పంపమని అడిగేవాడెవడు?"

దేవుడి ముందు లెక్క చెప్పాల్సినప్పుడు ఏ ఆఫీసు పేరు చెప్పి తప్పించుకుంటాం? ఓరిన్ అలా ఆలోచించాడో లేదో నాకు తెలియదు. కుర్చీ తోసే పని మాత్రం తానే తీసుకున్నాడు. జనంలో దిండు ఎత్తితే ఎవరైనా చూస్తారు. ఆగి సమయం కోసం చూశాడు.

కంచె కనిపించింది. గార్ట్ పక్కనే నడుస్తున్నాడు, భుజాన మూత వేయని సంచీ. టోపీ తీశాడు. ముగ్గురు పోలీసులు తిన్నగా కుర్చీవైపు వచ్చారు.

ఓరిన్ వంగి, రూఫస్ దుప్పటి సర్దాడు. లేచేటప్పటికి ఆ సంచీ కాస్త బరువెక్కింది.

పోలీసులు రూఫస్‌ను రెండు చంకలూ పట్టి ఎత్తి నేలమీద పెట్టారు. దిండు తీశారు. ఏమీ లేదు.

"ఆ సంచీ కూడా చూడండి సార్," కెమెరా కంటికి ఆనించుకునే అంది వివియన్. "రూలు అందరికీ ఒకటే కదా."

పిస్టల్ బయటికొచ్చింది. చేతులకు బేడీలు పడబోతుంటే గార్ట్ జేబులోంచి ఆఫీసు గుర్తింపు కార్డు తీశాడు. "ఆగండయ్యా, నేను మీవాణ్ణే." కెమెరా తిరుగుతూనే ఉంది. సార్జెంటు కార్డు చదివి, దాన్ని ఎక్కడ దాచాలో తెలియనట్టు నిలబడిపోయాడు.

"నన్నెవరైనా ఎత్తండ్రా," అన్నాడు రూఫస్ కింది నుంచి. "గడ్డి తడిగా ఉంది."

ఓరిన్ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, బకిల్‌లోకి మాట్లాడాడు. "రిపోర్ట్ సార్. విదేశీ ముఠా దొరికింది. జీతాలు మీ ఆఫీసు నుంచే వెళ్తున్నాయి." బెల్టు విప్పి కంచె అవతలికి విసిరేశాడు.

"మెడల్స్ విసరమంటే బెల్టు విసిరావేంట్రా? ప్యాంటు జాగ్రత్త."

యుద్ధం ఆ రోజు ఆగలేదు. ఇంకా కొన్నేళ్లు నడిచింది.

వరసలో ఒక్కొక్కరే మైకు దగ్గర ఒక్క ముక్క చెప్పి, మెడల్ విసిరి వెళ్తున్నారు. ఓరిన్ వంతు వచ్చింది. కాలుతున్న టాంకులోంచి అతన్ని బయటికి లాగినవాడు ఆర్లో పెట్‌వే. ఓరిన్‌కు ఆస్పత్రిలో తెలివి వచ్చేసరికి ఆర్లో చనిపోయి వారమైంది.

"ఆర్లో," అన్నాడు మైకులో. "థాంక్స్‌రా."

యూనిఫారంమీది మెడల్ తీసి విసిరి, ప్యాంటు పట్టుకుని పక్కకు జరిగాడు.