పురి వీడిన తాడు

“అబ్బ! ఈ గడ్డి చేతులు కోసేస్తోందమ్మా!” అంది నైదా.

మధ్యాహ్నంలోపు ఊళ్లో ప్రతి ఇల్లూ ఒక గడ్డితాడు పేని ఇవ్వాలి. ఆ తాళ్లన్నీ కలిపి పెద్దవాళ్లు అపురిమాక్ నది మీద కొత్త వంతెన కడతారు. ఏటా అంతే. పాత వంతెన ముసలివాళ్లు దాటలేనంత వదులైపోయింది. అందుకే అవతలి ఒడ్డున ఉన్న అమ్మమ్మ చాలా రోజులుగా రాలేదు.

నైదాకు అమ్మమ్మ మీద బెంగగానే ఉంది. కానీ కూర్చున్నచోట కుదురు లేదు. గడ్డి తడిపే నీళ్లు చల్లగా ఉన్నాయంది. గాలి ఎక్కువంది. ఉడికించిన ఆలుగడ్డ చప్పగా ఉందంది. ఆమె లేచినప్పుడల్లా తమ్ముడు ఎల్మెర్ కూడా లేస్తున్నాడు.

“నీ నోరు ఆడినంత చెయ్యి ఆడితే, ఈపాటికి తాడు అయిపోయేదే తల్లీ,” అంది అమ్మ.

నైదా మూతి ముడుచుకుంది. చూపు ఎటో పెట్టి గబగబా పేనేసింది.

తాళ్లు పరీక్షించే సబీనో తాత, వాళ్ల తాడు కొసను కాలికింద తొక్కిపెట్టి లాగాడు. నైదా పేనిన చోట పురి వీడిపోయింది.

“ఇక్కడ పేనింది ఎవరు?” అన్నాడు తాత.

నైదా నోరు తెరిచేలోపే ఎల్మెర్ అందుకున్నాడు. “గడ్డి మంచిది కాదు తాతా! నీళ్లు మంచివి కావు! గాలి కూడా మంచిది కాదు!”

అందరూ పకపకా నవ్వారు. నైదా నవ్వలేదు. అవి అచ్చంగా తన మాటలే. వాడి నోట వింటే ఎంత చిరాగ్గా ఉన్నాయో! సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“అందరికీ అదే గడ్డి, అదే గాలి,” అన్నాడు తాత. “ఇంకా కాస్త టైముందిలే. మీ అమ్మమ్మ దీనిమీదే కదా నడిచి రావాలి!”

నైదా వదులు పురి అంతా విప్పి మళ్లీ కూర్చుంది. గడ్డి మళ్లీ కోసింది. “అబ్బ” అనబోయి ఆగింది.

“ఒరేయ్ ఎల్మెర్, గడ్డి తడిపి అందివ్వరా! నువ్వు ముందో, నేను ముందో చూద్దాం!”

వాడు నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఈసారి తాత ఎంత లాగినా పురి కదల్లేదు.

వంతెన పూర్తయ్యాక నైదా అవతలి ఒడ్డుకు ఎదురెళ్లింది. అమ్మమ్మ వంతెన మీద రెండడుగులు వేసి ఆగిపోయింది.

“ఇదేంటే, ఇలా ఊగుతోంది? ఈ గాలొకటి, చంపేస్తోంది!”

నైదా పొక్కులెక్కిన చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఊగనీ అమ్మమ్మా, తాడు గట్టిదే. అటు చూడు, ఎల్మెర్ నీకోసం ఎలా గంతులేస్తున్నాడో!”