ఏడో నంబరు కుందేలు

నల్లగొండ దాటాక సాగర్ రోడ్డు పక్కన ఒక ఫార్మసీ కాలేజీ ఉంది. అక్కడ కుందేళ్లకు గడ్డి వేసి, బోన్లు కడగడం నా పని. ఆ గదిలో ఫినాయిలు, తడి గడ్డి, మూత్రం వాసన కలిసి ముక్కుకు పట్టేస్తాయి. చప్పుడు మాత్రం ఉండదు. కుందేలు అరవదు, అందుకే ఈ కొలువు హాయి అని నవ్వేవాణ్ణి.

ఈ వేసవిలో సునీల్ సారు పరిశోధన మొదలైంది. పన్నెండు కుందేళ్ల వీపు మీద రూపాయి బిళ్లంత తోలు తీశాడు. మొదటి ఆరింటికి మందు లేదు. ఏడు నుంచి పన్నెండు దాకా రోజూ సూది మందు. ఆ మందు వల్ల పుండు మానడం ఆలస్యమవుతుందని చూపించాలి. నాలుగు రోజులకోసారి పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి, అంచు వెంట నీలం పెన్నుతో గీత గీసేది నేనే.

ఏడోది మాత్రం మందు పడినా చక్కగా మానుతోంది.

"విజేందరన్నా, గిదొక్కటి నా లెక్కంత ఖరాబు చేస్తాంది" అన్నాడు సారు గొంతు తగ్గించి. "జర దాని పుండు తెరువు."

నన్ను పర్మనెంటు చేయిస్తానన్న మనిషి. గోటితో పక్కు లేపాను. కుందేలు అరిచింది... అచ్చం చంటిపిల్ల అరుపు. జాలి కలగలేదు, చిరాకు కలిగింది. కాగితం పెట్టి గీత గీసుకున్నాను.

ఆ సాయంత్రమే నా భార్య కోమలకు కాన్పప్పటి పెద్దాపరేషన్ కుట్టు విచ్చుకుంది. మర్నాడు గుడ్డ మారుస్తుంటే ఆ పుండు ఎక్కడో చూసినట్టు అనిపించింది. సాయంత్రం ఏడో నంబరు కాగితం తెచ్చి ఆమె కడుపు మీద పెట్టాను. గీతకు గీత సరిపోయింది.

"ఏం జూస్తున్నవయ్యా?" అంది కోమల, నెల నిండని పాపను జోకొడుతూ.

"ఏం లేదు. పండుకో."

అప్పటి నుంచి సారుకు తెలియకుండా ఏడోదానికి మందు బదులు సెలైన్ ఎక్కించాను. దాని పుండు పూడుతుంటే కోమల పుండూ పూడింది. బతికాంరా దేవుడా అనుకున్నాను.

"రేపు పదకొండింటికి మందు పడ్డ ఆరింటిని కోసి, తోలు పరీక్షకు పంపుదాం" అన్నాడు సారు. "మిగతయి మళ్ల పనికొస్తయి."

"ఏడోదాన్ని ఇడిచిపెట్టు సారూ. నీ కాళ్లు మొక్కుత."

"పిచ్చి లేసిందా అన్నా? ఆరు ఉండాలె."

సరే, ఆరే ఉంటాయి. తెల్లారి ఎనిమిదింటికి ఏడోదాన్ని సంచిలో వేసి, దాని బోనులో మూడోదాన్ని పెట్టాను. మూడోదే ఎందుకంటే, అన్నిటికంటే చిన్నది. ఎత్తుకుంటే తన్నదు. చెవి వెనక అంకె చెరిపి ఏడు వేశాను. మూడోదాని వీపు పూర్తిగా మానిపోయింది, ఏడోదానిది ఇంకా కొంచెం మిగిలింది, సారు చూస్తే పట్టేస్తాడు. అందుకని గోటితో మళ్లీ తెరిచాను. ఒక్కసారి అరిచింది. నా పెళ్లాం బతకాలి, అంతే అనుకున్నాను.

పదింటికి సారు వచ్చాక ఇంట్లో పనుందని చెప్పి, పానగల్లులో మా ఇంటికి చేరేసరికి పదకొండు కావస్తోంది. కోమల లేచి నిలబడి అన్నం వండుతోంది. ఆమెను అట్లా చూసి ఏడుపొచ్చింది. సంచిలోంచి కుందేలును వదిలితే కరివేపాకు రెబ్బ నములుతూ కూర్చుంది.

"పాప పొద్దుగాల ఎనిమిదింటికి కెవ్వుమన్నది" అంది కోమల మెల్లగా. "గప్పటి సంది సప్పుడు లేదు. పండుకున్నదేమో..."

పాపను బోర్లా తిప్పాను. చొక్కా వీపుకు అంటుకుపోయింది. లేపాను. రూపాయి బిళ్లంత. చుట్టూ నీలం గీత. చెవి వెనక ఏడు... నా చేతిరాతే.

సారుకు ఫోన్ చేశాను.

"ఏడోదాన్ని బల్ల మీద పెట్టిన అన్నా" అన్నాడు. "విచిత్రం. కదుల్తలేదు. నన్నే చూస్తాంది."

"సారూ, ఆపు..."

ఫోన్ కట్టయింది. నా చేతుల్లో పాప కళ్లు తెరిచింది. నన్ను చూడలేదు. పైన, తన మీదికి వంగిన ఎవరినో చూస్తోంది.